పోపు లేడు, బిషప్పు ఉన్నడు: దోర్నకల్ సంఘం ఎటు దిక్కు?

2025 అక్టోబరు నెలలో మూడు వార్తలు ఒకదాని ఎనుక ఒకటి వచ్చినయి. 3వ తారీకున ఇంగ్లండు సంఘానికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా సారా ములాలీ పేరు ప్రకటించిన్రు. 1400 ఏండ్లు దాటిన ఆ కుర్చీ మీదికి ఒక ఆడామె రావుడు ఇదే మొదలు. 16న గాఫ్కాన్ అనే ఆంగ్లికన్ల కూటమి, రువాండా ఆర్చిబిషప్పు లారెంట్ ఎంబాండా ముందు నిలబడి, కాంటర్‌బరీ పెద్దరికం మాకొద్దు, అసలు ఆంగ్లికన్ సంఘం ఇగ మేమే అని ప్రకటన ఇచ్చింది. 23న ఇంగ్లండు రాజు చార్లెస్ రోముకు పోయి, సిస్టైన్ చాపెల్‌లో పోపు పద్నాలుగో లియోతోని కలిసి ప్రార్థన చేసిండు. సంస్కరణ కాలం నుంచి ఇప్పటిదాకా ఇంగ్లండు రాజు పోపుతోని కలిసి నలుగురి ముందు ప్రార్థన చేసింది లేదు.

ఈ మూడింటినీ మన తెలుగు పేపర్లు విదేశీ వార్తల మూలకు ఏసినయి. లండన్ గొడవ మనకెందుకు అనుకున్నరేమో. గానీ ఖమ్మం, ఇల్లెందు, దుమ్ముగూడెం దిక్కున ఆదివారం పూట గంట కొట్టంగనే గుడికి పోయే వేలమందికి ఈ గొడవతోని చుట్టరికం ఉన్నది. వాళ్ళు దోర్నకల్ డయాసిస్ మనుషులు. దోర్నకల్ డయాసిస్ సీఎస్ఐలో ఉన్నది. సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, కాంటర్‌బరీ పెద్దగా ఉన్న ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో ఉన్నది. ఆ ఇల్లు రెండుగా చీలితే మన వాకిట్ల కూడా గీత పడ్డట్టే.

నేను ఈ అడివంచుల పుట్టి పెరిగినోణ్ణి. థియాలజీ కాలేజీ గడప తొక్కలేదు. పాత పుస్తకాల అంగళ్ళు, ఊర్లల్ల ముసలి ఉపదేశులు చెప్పిన ముచ్చట్లు, కోర్టు తీర్పులు, ఇవే నా బడి. ఆ చదువుతోనే ఒక ప్రశ్న ఎత్తుతున్న. మనూర్ల సీఎస్ఐ మనిషిని "నువ్వు ఆర్‌సీఎమ్మా, ప్రొటెస్టెంటా" అని అడిగితే చానామంది "ఆర్‌సీఎం కాదు" అంటరు. "అయితే పెంతెకోస్తా" అంటే "అదీ కాదు" అంటరు. ఏం కాదో తెలుసు, ఏందో చెప్పరాదు. ఈ నడిమి నిలబడుడు బలమా, బలహీనతా? ఇయ్యాల మన మీదికి వస్తున్న ఆపతిల ఇది పనికొస్తదా? ఇదీ లెక్క.

నడిమి తొవ్వ ఎట్ల పడ్డది

కథ మొదలు రాజు పెండ్లి పంచాయితీ. ఎనిమిదో హెన్రీకి పోపు విడాకులు ఒప్పుకోలేదు. 1534లో పార్లమెంటుతోని చట్టం చేయించి, ఇంగ్లండు సంఘానికి నేనే పెద్ద అన్నడు. అంతవరకైతే అది అధికారం మార్పిడి. అసలు మార్పు 1549లో వచ్చింది. థామస్ క్రాన్మర్ అనే ఆర్చిబిషప్పు లాటిన్‌ను పక్కకు పెట్టి, రైతుకు, కూలికి అర్థమయ్యే భాషల ప్రార్థన పుస్తకం తెచ్చిండు. తర్వాత మేరీ రాణి వచ్చి మళ్ళ పోపు కిందికి తిప్పింది, 1556లో క్రాన్మర్‌ను మంటల్లో కాల్చింది. ఎనుకనే ఎలిజబెత్ వచ్చి 1559లో అటూ ఇటూ కాకుండా ఒక రాజీ చేసింది.

ఆ రాజీల ఏం మిగిలింది? బిషప్పు మిగిలిండు. పసిపిల్లల బాప్తిస్మం, బిషప్పు చెయ్యి పెట్టే కన్ఫర్మేషన్, పాత విశ్వాస ప్రమాణాలు, లెంటు, ఈస్టరు, అంగీలు, గంటలు మిగిలినయి. ఏం పోయింది? పోపు పోయిండు, లాటిన్ పోయింది, పెండ్లి చేసుకోవద్దన్న పూజారి నియమం పోయింది. బల్ల దగ్గర జనానికి రొట్టె ఒక్కటే ఇచ్చే పద్ధతి పోయి, రసం గిన్నె కూడా జనం చేతికొచ్చింది. అందుకే కతోలికులకు వీళ్ళు విడిపోయినోళ్ళు. గట్టి ప్రొటెస్టెంట్లకు వీళ్ళు సగం పోపు మనుషులు.

ఇంట్ల కూడా ఆ లాగులాట ఆగలేదు. 1833లో ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు పండితులు లేచి, మనం నిజానికి కతోలిక సంఘమే, పోపు ఒక్కడే మనకు లేడు అన్నరు. వాళ్ళల్ల ముఖ్యుడు న్యూమన్ 1845లో ఆఖరికి రోము దిక్కే పోయిండు. 1896లో పదమూడో లియో పోపు, ఆంగ్లికన్ గురువుల అభిషేకాలు చెల్లవు అని తీర్పు చెప్పిండు. ఆ తీర్పు ఇప్పటికీ ఎత్తేయలేదు. రాజుతోని కలిసి ప్రార్థన చేసిన అదే పోపు, వారం తిరగంగనే 2025 నవంబరు 1న న్యూమన్‌ను సంఘపు మహాపండితుల వరుసల చేర్చిండు. ప్రార్థన కలిసి చేస్తరు, బల్ల దగ్గర మాత్రం ఎవరి బల్ల వాళ్ళదే.

మిషన్ గీత ఎటు పడితే మతం అటు

ఇంగ్లండుల ఉన్న ఈ రెండు తీర్లు తెలుగు నేల మీదికి రెండు సొసైటీల రూపంల దిగినయి. సీఎంఎస్ అనేది ప్రొటెస్టెంటు మొగ్గు ఉన్నది. వాక్యం, ప్రసంగం, బడి దాని పద్ధతి. అది 1841లో మచిలీపట్నంల మొదలుపెట్టి, ఏలూరు, బెజవాడ, ఖమ్మం మీదుగా పైకి వచ్చింది. ఎస్‌పీజీ అనేది కతోలిక మొగ్గు ఉన్నది. బల్ల, బిషప్పు, క్రమం దానికి ముఖ్యం. అది కడప, ముత్యాలపాడు, నంద్యాల దిక్కున పాదుకున్నది.

మన గోదావరి ఒడ్డు ముచ్చట వేరు. ఎగువ గోదావరిల పడవలు నడిపియ్యాలని కాటన్ దొర కాలంల దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పని నడిచింది. ఆ పని మీద ఉన్న హేగ్ అనే మిలటరీ ఇంజినీరు కోయోళ్ళ మధ్యన సువార్త పని కావాలని సీఎంఎస్‌ను పట్టుబట్టిండు. ఆ పనిల మొదట దిగింది తెల్లదొర కాదు. హేగ్ దగ్గర కొలువు చేసిన వెంకటరామరాజు అనే తెలుగాయన. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ చానా ఏండ్లు దుమ్ముగూడెంల ఉండి, భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద, కోయోళ్ళ మాట మీద, ఆచారం మీద రాసిండు. సర్కారు పడవల ప్రాజెక్టును నడుమల వదిలేసింది. దుమ్ముగూడెం గుడి మాత్రం నిలబడ్డది.

ఇంకో సంగతి గమనించాలె. మిషన్లు ఒకరి జాగల ఒకరు పోకుండా గీతలు గీసుకున్నరు. గుంటూరు లూథరన్లది, ఒంగోలు, నల్లగొండ బాప్టిస్టులది, మెదక్ మెథడిస్టులది, ఖమ్మం ఆంగ్లికన్లది. మాల పల్లె, మాదిగ గూడెం ఏ గీత కింద పడితే ఆ పేరు పడ్డది. మా తాతలు హుకర్‌నూ లూథర్‌నూ చదివి తూకం ఏసి చేరినోళ్ళు కాదు. దొర ముంగట చెప్పులు చేతబట్టుకునుడు, వెట్టి చాకిరి, బావి కాడ దూరం నిలబడుడు, ఇవి భరించలేక చేరిన్రు. బడి దొరికింది, పేరు దొరికింది, పక్కన కూసునే బల్ల దొరికింది.

అందుకే నేనంటున్న, ఆంగ్లికన్ అంటే ఇంగ్లండు రాజీ అని చెప్పుడు మన విషయంల సగం నిజమే. లండన్‌లో అది రాజులు, పండితులు కుదిర్చిన రాజీ. ఇక్కడ దాన్ని నింపింది అంటరానోళ్ళు. ఒకే గిన్నెల నుంచి అందరు తాగుడు అనేది ఇంగ్లండుల వేదాంతం. మనూరిల అది కులం మీద దెబ్బ. మాలాయన తాగిన గిన్నెల మాదిగాయన, ఆయన తాగినాక ఒక రెడ్డో కాపో తాగాలె అంటే అది ఎంత పెద్ద మాటనో ఊరోళ్ళకు చెప్పాల్సిన పని లేదు.

అజరయ్య చేసిన పని

ఈ రెండు తీర్లను ఒక్క డయాసిస్‌ల పట్టి ఉంచినాయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిన్నెవెల్లి జిల్లా వెల్లాలన్‌విలైల 1874లో పుట్టిన నాడార్. తమిళోళ్ళు తమ పైసలతోని 1903లో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరపున నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చిండు. తెలుగు నేర్చుకున్నడు. 1910లో ఎడిన్‌బరో మహాసభల, తెల్ల మిషనరీలు మాకు అన్నీ ఇచ్చిన్రు, స్నేహం మాత్రం ఇయ్యలేదు అని అర్థమొచ్చేటట్టు నిలదీసిండు. 1912 డిసెంబరు 29న కలకత్తాల ఆయనను బిషప్పుగా అభిషేకించిన్రు. ఆంగ్లికన్ సంఘంల మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయన. ఆ కుర్చీ కలకత్తాకో, మద్రాసుకో రాలేదు, బొగ్గు బండ్లు ఆగే దోర్నకల్ జంక్షనుకు వచ్చింది.

ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న తెరిచిన్రు. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తది, స్తంభాలు చూస్తే దక్షిణాది గుడి గుర్తొస్తది, నడుమల సిలువ. లండన్ నమూనా గోతిక్ గుడి కట్టకుండా ఇట్ల కట్టుడు ఉత్త అలంకారం కోసం కాదు. ఇది మా నేల గుడి అని చెప్పుడు. భద్రాచలం రాములోరి కల్యాణానికి తానీషా కాలం నుంచి సర్కారు తరపున ముత్యాల తలంబ్రాలు పోతయని మనం గొప్పగా చెప్పుకుంటం. ఈ జాగల కలగలుపు కొత్తేం కాదు.

అజరయ్యకు బిషప్పు గద్దె మీద గౌరవం ఉన్నది, అందుల ఆయన కతోలిక తీరు మనిషి. వాక్యం మీద, ప్రతి మనిషి సాక్ష్యం చెప్పాలన్న దాని మీద పట్టు ఉన్నది, అందుల ప్రొటెస్టెంటు. మతం మార్పిళ్ళ మీద 1930లల్ల గాంధీతోని తలపడ్డడు. అంటరానోళ్ళకు వివరం తెలియదు, వాళ్ళను మార్చొద్దు అన్న మాటకు, వాళ్ళకు బుద్ధి ఉన్నది, వాళ్ళే ఎంచుకుంటున్నరు అని జవాబు చెప్పిండు. అట్లని ఆయన ప్రతి మాటా మనకు ఒప్పుదల కావాల్సిన పని లేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నడు. దాని మీద ఇయ్యాల కూడా వాదించొచ్చు.

1947 సెప్టెంబరు 27

మనకు ఆగస్టు 15 తెలుసు. ఇంకో తారీకు కూడా తెలిసుండాలె. 1919 మే నెలల అజరయ్య, ఇంకొందరు తరంగంబాడిల కూడి, మన సంఘాలు ఒక్కటి కావాలె, ఈ చీలికలు మనం చేసుకున్నయి కావు, మన మీద రుద్దినయి అని ప్రకటన ఇచ్చిన్రు. దాని మీద 28 ఏండ్లు చర్చ నడిచింది. అజరయ్య 1945 జనవరి 1న చనిపోయిండు, ఆ దినం కండ్ల చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌ల మద్రాసు, దోర్నకల్, తిన్నెవెల్లి, తిరువాన్కూరు-కొచ్చిన్ ఆంగ్లికన్ డయాసిస్‌లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు కాంగ్రిగేషనలిస్టులు కలిసిన దక్షిణ ఇండియా ఐక్య సంఘం, అందరు ఒక్కటైన్రు.

ఇందుల అసలు ముడి ఏందంటే బిషప్పు. ఆంగ్లికన్లకు బిషప్పు చెయ్యి పెట్టందే గురువు కాడు. మెథడిస్టులకు, కాంగ్రిగేషనలిస్టులకు బిషప్పే లేడు. మరి వాళ్ళ అయ్యగార్లకు మళ్ళ అభిషేకం చెయ్యాల్నా? చేస్తే, ఇన్నేండ్లు వాళ్ళు ఇచ్చిన బాప్తిస్మం, బల్ల అన్నీ ఉత్తవే అని అన్నట్టు. చెయ్యకపోతే, బిషప్పు ఎందుకు అన్నట్టు. సీఎస్ఐ ఒక తొవ్వ తీసింది. ఇప్పుడున్న అయ్యగార్లందరిని ఉన్నోళ్ళను ఉన్నట్టే ఒప్పుకుంటం, ఎవరికీ మళ్ళ అభిషేకం లేదు. ఇయ్యాల్టి నుంచి మాత్రం అభిషేకాలన్నీ బిషప్పు చేతనే. ఏ సంఘం మీదా దాని మనసు ఒప్పుకోని గురువును రుద్దం. 30 ఏండ్లల్ల రెండు తీర్లు కలిసిపోతయి.

చూడండి, ఇది ఎంత తెలివైన పనో. నీ పుట్టుక తప్పు అని ఎవరినీ అనలేదు. ముందల కలిసి నడుద్దాం అన్నది. ఇంగ్లండుల కతోలిక మొగ్గున్న ఆంగ్లికన్లు దీని మీద మండిపడ్డరు. కవి టీ.ఎస్. ఎలియట్ 1943లోనే దీనికి ఎదురు ఒక పుస్తకం రాసిండు. 1948లో ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పుల సభ కూడా సీఎస్ఐని నిండు మనసుతోని ఒప్పుకోలేదు, సగం తలుపే తెరిచింది. ఇయ్యాల సీఎస్ఐ ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో ఉన్నది, ప్రపంచ మెథడిస్టు కౌన్సిల్‌లో ఉన్నది, సంస్కరణ సంఘాల ప్రపంచ కూటమిలోనూ ఉన్నది. మూడు ఇండ్ల బిడ్డ అది.

1950లో సీఎస్ఐ కొత్త ఆరాధన క్రమం రాసుకున్నది. అయ్యగారు జనానికి వీపు పెట్టకుండా బల్ల ఎనుక నిలబడి జనం దిక్కు చూస్తడు. "సమాధానం" అనుకుంట చెయ్యి చెయ్యి పట్టుకుంటరు. తర్వాత కాలంల ప్రపంచంలో చానా సంఘాలు ఇదే తీరుకు వచ్చినయి. తాకొద్దన్న చెయ్యిని గుడిల అందరి ముందట పట్టుకునుడు మన దేశంల చిన్న సంగతి కాదు.

నంద్యాల నేర్పిన పాఠం

ఒప్పుకోని జాగ కూడా ఒకటుండె. నంద్యాల దిక్కు ఎస్‌పీజీ సంఘాలు 1947లో సీఎస్ఐల చేరలేదు. అభిషేకం లేని అయ్యగార్లతోని ఎట్ల కలుస్తం, మా కతోలిక వరుస చెడిపోతది అన్నరు. ఒక్క దోర్నకల్ డయాసిస్ మనుషులే, దుమ్ముగూడెం ఈ ఒడ్డు, నంద్యాల ఆ ఒడ్డు అయింది. వాళ్ళు 1970ల దాకా వేరుగా ఉండి, తర్వాత సీఎస్ఐల కలిసిన్రు.

ఇప్పుడు అదే నంద్యాలల 2013 సెప్టెంబరుల ఏం జరిగింది? ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్పు అయిన్రు. సీఎస్ఐల మొట్టమొదటి మహిళా బిషప్పు. అప్పటికి ఇంగ్లండు సంఘంల ఒక్క ఆడ బిషప్పు లేదు. ఏడాది ముందు, 2012 నవంబరుల, వాళ్ళ సభల ఆ తీర్మానం కొద్ది ఓట్ల తేడాతోని ఓడింది. అక్కడ లిబ్బీ లేన్ బిషప్పు అయింది 2015 జనవరిల. కాంటర్‌బరీకి ఆడామె పేరు ప్రకటించింది 2025లో. వరుస చెడిపోతదని పట్టుబట్టిన జాగనే, లండన్ కన్నా ముందు గీత దాటింది.

అందుకే గాఫ్కాన్ గానీ దానికి ఎదురున్నోళ్ళు గానీ చెప్పే ఒక మాట నాకు ఎక్కదు. ఆఫ్రికా, ఆసియా సంఘాలంటే పాతబుద్ధి, యూరపు సంఘాలంటే కొత్తబుద్ధి అని రెండు బుట్టల ఏస్తరు. నంద్యాల ఏ బుట్టల పడుతది?

ఆపతి ఎటు నుంచి వస్తున్నది

ఇగ ఇయ్యాల్టి సంగతికి వద్దాం. అడివంచు ఊర్లల్ల రెండు తీర్ల ఒత్తిడి నడుస్తున్నది.

ఒకటి లోపలిది. చిన్న చిన్న స్వతంత్ర పాస్టర్లు వస్తున్నరు. అందుల మంచోళ్ళు ఉన్నరు, జ్వరమొచ్చిన ఇంటికి అర్ధరాత్రి నడిచి పోయేటోళ్ళు ఉన్నరు. గానీ కొందరు, పసితనంల తలమీద నీళ్ళు పోసింది బాప్తిస్మం కాదు, వాగుల ముంచితేనే చెల్లుతది అంటున్నరు. మా ఇంట్లనే ఒక పాస్టరు మా అమ్మతోని అట్ల అన్నడు. డెబ్బై ఏండ్ల కింద ఆమెను చేతుల పట్టుకొని పేరు పెట్టిన ఉపదేశి, ఆ దినం ఊరి పెద్దలకు ఎదురు నిలబడ్డ మా తాత, అందరు ఉత్తగనే పోయినట్టేనా? అభిషేకం చెల్లదని 1896లో పోపు అన్న మాటకు, బాప్తిస్మం చెల్లదని ఈయన అన్న మాటకు తేడా ఏమున్నది? ఎదుటోడి పుట్టుకను కొట్టేసుడు రెండింటిలోనూ ఒకటే. సీఎస్ఐ 1947లో వద్దనుకున్నది సరిగ్గా దీన్నే.

రెండోది బయటిది, ఇంకా పెద్దది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరించిన్రు, క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. మతంతోని ముడి పెట్టొద్దని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది, పక్కకు పడేసిన్రు. 2022 అక్టోబరుల బాలకృష్ణన్ కమిషన్ ఏసిన్రు, గడువు మీద గడువు పెంచుకుంట పోతున్నరు. 2023 మార్చిల ఆంధ్ర శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీలల్ల చేర్చాలని తీర్మానం చేసింది, ఢిల్లీల కదలిక లేదు. 2024 నవంబరుల సుప్రీంకోర్టు, రిజర్వేషన్ కోసమే మతం చెప్పుకునుడు రాజ్యాంగం మీద మోసం అన్నది. 2025 ఏప్రిల్ ఆఖరున ఆంధ్ర హైకోర్టు, పాస్టరుగా ఉన్నాయన మీద కులం పేరుతోని దాడి జరిగినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం ఆయనకు వర్తించదు అన్నది. మన దగ్గర దళిత క్రైస్తవునికి దక్కేది బీసీ-సీల 1 శాతం.

2027ల జనగణన వస్తున్నది, కులం కూడా లెక్కపెడతరట. మతం గడిల క్రైస్తవం అని రాయించినోని కులం ఎస్సీ గడిల పడదు. అందుకే మనోళ్ళు గుడిల ఒక పేరు, కాగితంల ఒక పేరు పెట్టుకొని బతుకుతున్నరు. వాళ్ళను దొంగలు అనేటోళ్ళకు ఒక్కటే అడుగుతున్న. గుడికి పోయిన మనిషిని ఊరు మాలోడు, మాదిగోడు అనుడు మానిందా? మానలేదు. మరి చట్టం ఎందుకు మానుతది?

కోయోళ్ళకు ఈ పేరా లేదు. ఎస్టీ హోదాకు మతంతోని ముడి లేదు. గానీ మతం మారిన ఆదివాసీని జాబితా నుంచి తీసెయ్యాలె అని ఊర్లల్ల సభలు పెడుతున్నరు. అడివికి అటు పక్కన ఛత్తీస్‌గఢ్‌లో ఇంకో మెట్టు ఎక్కిన్రు. బస్తర్ జిల్లాల ఒక ఆదివాసేతర దళిత క్రైస్తవ పాస్టరు చనిపోతే, ఊరి బొందలగడ్డల పెట్టనియ్యలేదు. శవం వారాల తరబడి మార్చురీల ఉన్నది. 2025 జనవరి 27న సుప్రీంకోర్టు జడ్జీలు ఇద్దరు చెరో మాట చెప్పి, ఆఖరికి 20 కిలోమీటర్ల అవతల ఉన్న క్రైస్తవ శ్మశానంల పూడ్చుకొమ్మన్నరు. సొంతూరి మన్ను కూడా దక్కలేదు. శవాన్ని ఆపినోళ్ళు, ఈయన కతోలికుడా, ప్రొటెస్టెంటా, నడిమోడా అని అడిగిన్రా?

మన ఇంటి కంపు కూడా చూడాలె

బయటోళ్ళను అడిగే ముందు మన సంఘాన్ని కూడా అడగాలె. బిషప్పు ఉండుడు అనేది ఆంగ్లికన్ ఆస్తి అంటిమి. కానీ బిషప్పు అంటే కాపరి అయ్యేది పోయి, భూములు, బడులు, ఆస్పత్రుల మీద సంతకం పెట్టే ఆఫీసరు అయిన జాగలు ఉన్నయి. సీఎస్ఐ సినాడ్ ఎన్నికల పంచాయితీ మద్రాసు హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా పోయింది. పోపు లేని సంఘంల జనం చేతుల అధికారం ఉంటదని రాసుకున్నం. డయాసిస్ కౌన్సిల్‌లో మామూలు విశ్వాసులకు ఓటు ఉన్నది. ఆ ఓటుకు బేరం వచ్చినంక ఇగ నడిమి తొవ్వ ఎక్కడిది? కతోలికుల క్రమశిక్షణా లేదు, ప్రొటెస్టెంటుల ప్రశ్నించే గుణమూ లేదు అన్నట్టు అయితది.

మాల, మాదిగ తగవు గుడి గడప లోపలికి వచ్చింది. బిషప్పు పేరు రాంగనే ఏ ఉపకులం అని అడుగుతున్నరు. ఒకే గిన్నె తాగిన నోటితోనే ఆ మాట. దుమ్ముగూడెం దిక్కు కోయ సంఘాలు నూటయాభై ఏండ్ల కింద మొదలైనయి. ఆ కాలంలనే సువార్త కొంత కోయ మాటలకు తెచ్చిన్రు. మరి ఇయ్యాల ఆరాధన క్రమం కోయలో ఎన్ని గుళ్ళల్ల చదువుతున్నరు? లాటిన్ వద్దు, జనం భాష కావాలె అన్న దాని మీద పుట్టిన సంఘం, కోయోళ్ళకు తెలుగును లాటిన్ చేసి పెట్టింది.

ఏం చెయ్యాలె

ఆంగ్లికన్ కమ్యూనియన్ రెండు ముక్కలైతే సీఎస్ఐ ఎటు పోవాలె అని పెద్దలు కూసోని మాట్లాడుకుంటరు. నా మాట ఒక్కటే. అటూ ఇటూ సంతకం పెట్టే తొందర వద్దు. మనకు మన 1947 ఉన్నది. ఎవరి పుట్టుకనూ కొట్టేయకుండా కలుపుకునే పద్ధతి మనకు చేతనైతదని ఒకసారి చేసి చూపినం. దాన్నే ఇప్పుడు ఇంటికాడ వాడాలె.

ఖమ్మం ఆర్‌సీఎం డయాసిస్, దోర్నకల్ సీఎస్ఐ, లూథరన్లు, బాప్టిస్టులు, స్వతంత్ర పాస్టర్లు ఒక్క కమిటీగా కూడాలె. బాప్తిస్మం, బల్ల, పోపు సంగతులు తర్వాత. ముందు మూడు పనులు. ప్రతి మండలంల క్రైస్తవుల బొందలగడ్డ ఎక్కడున్నది, దానికి పట్టా ఉన్నదా అని రాసి కలెక్టరుకు ఇచ్చుడు. మూడో పేరా తీసెయ్యాలని గ్రామసభల నుంచి తీర్మానాలు పంపుడు. ఆదివాసీల జాబితా జోలికొస్తే సమ్మక్క మొక్కే కోయోళ్ళతోని కలిసి నిలబడుడు, ఎందుకంటే రేపు పోయేది వాళ్ళ భూమి కూడా.

డయాసిస్ పెద్దలకు రెండు అడుగుతున్న. ఆస్తుల లెక్క తెలుగుల రాసి ప్రతి గుడి గోడకు అంటించాలె. కోయ ఆరాధన క్రమం అచ్చేయాలె. క్రాన్మర్ 1549లో చేసిన పని దుమ్ముగూడెంల ఇంకా కాలేదు.

అప్పుడు "మీరు కతోలికా, ప్రొటెస్టెంటా" అని ఎవరన్నా అడిగితే, మా పిల్లలు తడబడకుండా "ఇద్దరినీ ఒక్క బల్ల కాడ కూసోబెట్టేటోళ్ళం" అని చెప్పగలుగుతరు. అది నిజం కావాలంటే, ముందు మా మాల, మాదిగ, కోయ ముగ్గురు ఆ బల్ల కాడ ఒక్క వరుసల కూసోవాలె.